పాత బోటులో కొత్త స్టీరియో: నాలుగు స్పీకర్లకు తీగలు వేసిన నా అనుభవం

2025లో సముద్రంలో చేపల వేట నిషేధించిన కాలంలో మా బావ బోటులోని పాత స్టీరియో తీసి కొత్తది పెట్టాము. బోటు కృష్ణపట్నం ఉప్పుటేరులో ఉంటుంది. కేబిను ఉన్న ఫైబరు బోటు అది. కట్టి ఇరవై ఏళ్ళు దాటింది, ఇద్దరి చేతులు మారి బావ దగ్గరకు వచ్చింది. నెల్లూరులో ఇళ్ళకు ఇన్వర్టర్లు బిగించే పని నాది కనుక తీగలంటే భయం లేదు గాని, బోటు తీగల జోలికి అంతకు ముందు పోయిన వాణ్ణి కాను. ఒక పూట పని అనుకున్నది ఏప్రిల్ నాలుగవ వారంలో మొదలై జూన్ మొదటి వారం దాకా సాగింది. పాత బోటు ఉన్నవారు ఇదే పనికి పూనుకుంటే ఎక్కడెక్కడ ఆగవలసి వస్తుందో ముందే తెలియాలని ఇది వ్రాస్తున్నాను.

బోటులో స్టీరియో ఎందుకని అడిగే వాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. వల లాగే సమయంలో వెనుక తట్టు ఉన్న కళాసీల చేతులు తడిగా ఉంటాయి, వాళ్ళు ఫోను ముట్టుకోలేరు. వాయుగుండం వార్త గాని, కేబినులో నుంచి డ్రైవరు చెప్పే మాట గాని ఇంజను హోరులో వాళ్ళకు చేరేది వెనుక ఉన్న రెండు స్పీకర్ల ద్వారానే. తీరం నుంచి దూరం పోయే కొద్దీ ఎఫ్ఎం తగ్గిపోతుంది. రాత్రి పూట మీడియం వేవ్ మీద ఆకాశవాణి మాత్రం నిలబడుతుంది. అందువల్ల బావ పట్టుబట్టినది రెండింటికే: సెట్టులో మీడియం వేవ్ ఉండాలి, వెనుక స్పీకర్లు స్పష్టంగా పలకాలి. సెట్టు దొరకడానికే కొంత తిరగవలసి వచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డులోను, ఆటోనగర్‌లోను చూసిన చవక సెట్లలో చాలా వాటికి బ్లూటూత్, పెన్‌డ్రైవు, ఎఫ్ఎం ఉన్నాయి గాని మీడియం వేవ్ లేదు. చివరకు దొరికిన దానికి 4,200 రూపాయలు పెట్టాము.

ఏప్రిల్ 15న నిషేధం మొదలయ్యి బోటు కట్టేశారు. 23న సెట్టు అమ్మిన అంగడి నుంచి కార్లకు స్టీరియోలు బిగించే మెకానిక్కు వచ్చాడు. పాత సెట్టు బయటకు లాగి, దాని తీగలను కొత్త సెట్టు తీగలకు కలిపి, టేపు చుట్టి, స్విచ్చి వేశాడు. తెర వెలిగింది, పాట క్షణం పాటు వినిపించింది, తరువాత తెర మీద ‘ప్రొటెక్ట్’ అనే మాట వచ్చి సెట్టు ఆగిపోయింది. మళ్ళీ వేసినా అదే వరుస. సెట్టులోనే లోపం ఉందని చెప్పి దాన్ని తీసుకుపోయాడు. వారం తరువాత, ఏప్రిల్ 30న, అంగడి బల్ల మీద శుభ్రంగా పాడుతున్నదని చెప్పి తిరిగి ఇచ్చారు. ఆ వారమంతా బావ మనసు మనసులో లేదు. నిషేధ కాలంలోనే ఇంజను పని, వల పని, రంగు పని అన్నీ అవ్వాలి. ఒక్కటి ఆగితే మిగిలినవి వెనక్కు పోతాయి. “యాడ పాడినా పాడకపోయినా మన బోట్లో పాడాల గదబ్బాయా,” అన్నాడు. ఆ రోజే పాత తీగల సంగతి నేనే చూస్తానని చెప్పాను.

మరునాడు కేబిను పలక విప్పి లోపలికి చూస్తే విషయం అర్థమయింది. కొత్త సెట్టు వెనుక స్పీకర్ల కోసం ఎనిమిది తీగలు ఉన్నాయి: తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగులలో ఒక్కొక్కటి ప్లస్సు, అదే రంగు మీద నల్ల గీత ఉన్నది మైనస్సు. బోటులో నుంచి వచ్చినవి మూడే. ఎడమ ప్లస్సు ఒకటి, కుడి ప్లస్సు ఒకటి. మూడవది నాలుగు స్పీకర్ల మైనస్సులన్నీ కలిసిన ఒకే తీగ, అది పోయి ఇంజను ఎర్తుకు తగులుకొని ఉంది. పాత సెట్టుకు అది తప్పు కాదు. ఆ కాలపు చాలా సెట్లలో స్పీకరు తీగలు రెండింటిలో ఒకదానిలోనే పాట నడిచేది, రెండవది ఉత్త ఎర్తు. అందుచేత తీగ ఆదా చేయడానికి అన్నిటికీ కలిపి ఒకే మైనస్సు లాగేవారు. ఇప్పటి సెట్లు రెండు తీగలనూ తామే నడుపుతాయి; ఒకటి పైకి పోతే రెండవది కిందికి పోతుంది. పాట లేనప్పుడు కూడా ఆ రెండింటి మీద బ్యాటరీ వోల్టేజిలో సగం, అంటే సుమారు 6 వోల్టులు, నిలిచి ఉంటుంది. సెట్టును ఒంటరిగా బల్ల మీద పెట్టి, స్పీకరు మైనస్సుకు బ్యాటరీ మైనస్సుకు మధ్య మీటరు పెట్టి చూశాను. 6 వోల్టులే చూపించింది. అటువంటి తీగను తెచ్చి ఎర్తుకు కలిపితే షార్టు కాక మరేమవుతుంది? తనను తాను కాపాడుకోవడానికి సెట్టు ఆగిపోయింది, అంతే. కొన్ని సెట్లకు ఆ రక్షణ లేక లోపలి ఐసీ (చిప్పు) కాలిపోతుంది. మాది నిలబడినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

పాత తీగలు ఏది ఎక్కడికి పోతున్నదో తెలుసుకోవడానికి పెన్సిల్ సెల్లు ఒకటి చాలింది. రెండు తీగల కొనలను 1.5 వోల్టుల సెల్లుకు క్షణం తాకిస్తే ఆ తీగలకు ఉన్న స్పీకరు ‘టక్’ మంటుంది. బావ వెనుక తట్టున నిలబడి ఏది పలికిందో చెబుతుంటే నేను చీటీలు కట్టాను. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగిలితే స్పీకరు కాగితం బయటకు వస్తుంది, తిరగేసి తగిలితే లోపలికి పోతుంది. ఆ విధంగా చూస్తే వెనుక కుడి స్పీకరు ఎన్నాళ్ళుగానో తిరగేసి ఉన్నదని తేలింది. పక్కపక్కనున్న రెండు స్పీకర్లలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు కదిలితే లోతైన ధ్వని ఒకదానినొకటి చంపుకుంటుంది. వెనుక నుంచి ఎప్పుడూ పలుచని గొంతే వస్తుందని కళాసీలు అనడానికి కారణం అదే. పైగా ఒక్కొక్క వైపు కేబినులోని ముందు స్పీకరు, వెనుక స్పీకరు ఒకే తీగ మీద పక్కపక్కన కలిపి ఉన్నాయి. కరెంటును స్పీకరు ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఓము; ఒక్కొక్కటి 4 ఓములది కనుక రెండూ కలిసి 2 ఓములవుతాయి, కొత్త సెట్టు ఒక్కొక్క దారికి 4 ఓములకు తగ్గవద్దంటుంది. వీటన్నిటినీ కోసి సరిచేయవచ్చునా అని ఆలోచించి, ఒక తీగ తోలు వలిచి చూశాను. లోపలి రాగి అంతా నల్లబడి, ఎక్కడెక్కడో పచ్చని చిలుము పట్టి ఉంది. ఇంకా రెండు మూడు చోట్ల వలిచినా అదే స్థితి. ఉప్పుగాలి తోలు కింద రాగి వెంట లోపలికి పాకిపోతుంది. కొన మాత్రం కోసి కొత్తగా కలిపితే నాలుగు నెలలకు మళ్ళీ అదే కథ. పాత తీగలకు ముడి వేయడం మానేసి, నాలుగు స్పీకర్లకు నాలుగు జతలు కొత్తగా లాగడమే మేలని అక్కడే నిశ్చయించుకున్నాను. ఈ పని మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే: పాత బోటులో సెట్టు మార్చడం చిన్న పని, తీగ మార్చడం అసలు పని, డబ్బూ సమయమూ దానికి ఉంచుకోవాలి.

ఆ తీగ కోసం మరో వారం ఆగాము. ఇళ్ళలో వాడే మామూలు రాగి తీగ నెల్లూరులో ఎక్కడైనా దొరుకుతుంది. చిలుము పట్టకుండా ప్రతి పోగుకూ తగరం పూత ఉన్న తీగ దొరకలేదు. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్ళుండే రిచ్చీ స్ట్రీటు నుంచి తెప్పించుకున్నాము. మే 8న పార్సిలు వచ్చింది. స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల జంట తీగ, కరెంటుకు 2.5 చదరపు మిల్లీమీటర్లది. మామూలు తీగకు రెండింతల పైన ధర పడింది. తీగలు కలిపిన చోట తొడిగే, లోపల జిగురు ఉన్న స్లీవులు, తీగ కొనకు నొక్కే తగరం పూత లగ్గులు కూడా వాటితో పాటే తెప్పించాము. ఈ స్లీవును వేడి చేస్తే ముడుచుకోవడమే కాక లోపలి జిగురు కరిగి అంచుల నుంచి కొద్దిగా బయటకు వస్తుంది. అలా వచ్చినప్పుడే నీళ్ళు దూరవని నమ్మవచ్చును. కలిపే చోట సోల్డరింగ్ కాకుండా లగ్గు నొక్కడమే ఎంచుకున్నాను. సోల్డరు పోసిన చోట తీగ కడ్డీలాగా బిగుసుకుపోయి, ఇంజను అదురుకు ఆ అంచు దగ్గర పోగులు తెగుతాయి.

తీగ లాగడం అనుకున్నంత సులువు కాలేదు. పాత తీగలు ఫైబరు పొరల కింద అతుక్కుపోయి ఉండడంతో వాటిని పట్టుకొని కొత్తవి లాగే దారి లేదు. బోటులో పెద్దవాడైన ఒక కళాసీ, వలలు కుట్టడంలో చేయి తిరిగినవాడు, నైలాను దారానికి వల సీసం గుండు ఒకటి కట్టి కేబిను గోడలోని గొట్టంలోకి వదిలాడు. గుండు కిందికి జారి వెనుక తట్టు మూత దగ్గర బయటపడింది. ఆ దారం వెంట తీగలు లాగేశాము. తీగలు లాగడానికి నేను కొనుక్కు వచ్చిన ఉక్కు టేపు వంపు దగ్గర తట్టుకొని ముందుకు పోలేదు. వెనుక స్పీకర్లకు తీగ లోపలికి పోయే ముందు కిందికి ఒక వంపు ఉంచాము, నీళ్ళు తీగ వెంట జారి వచ్చినా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఈ పనులన్నీ తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిది లోపల ఆపేసేవాళ్ళము. నెలాఖరుకు రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్ళు పగిలే ఎండలో కేబినులో తల పెట్టడం ఎవరి వల్లా కాదు.

కరెంటు వైపు మరొక చిక్కు బయటపడింది. బోటు ఇంజను స్టార్టుకు 24 వోల్టులు కావాలి, అందుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉన్నాయి. పాత స్టీరియో 12 వోల్టులది కనుక, ఎవరో రెండు బ్యాటరీల నడిమి నుంచి తీగ తీసి కింది బ్యాటరీకి మాత్రమే దాన్ని తగిలించారు. చూడడానికి తేలిక దారి. కాని రోజూ కింది బ్యాటరీ ఒక్కటే ఖర్చవుతుంది, చార్జింగు మాత్రం రెండింటికీ ఒకటిగానే పోతుంది. ఇంజను నడుస్తుండగా కొలిస్తే మొత్తం 28 వోల్టులు సరిగానే ఉన్నాయి. విడిగా చూస్తే కింది దాని మీద 13.4, పై దాని మీద 14.6. కిందిది ఎన్నడూ నిండదు, పైది ఎప్పుడూ పొంగుతుంది. రెండేళ్ళకొకసారి ఒకే బ్యాటరీ ఎందుకు పోతున్నదో బావకు అప్పుడు తెలిసింది. 24 నుంచి 12 వోల్టులకు దించే 10 ఆంపియర్ల కన్వర్టరు 1,500 రూపాయలకు తెచ్చి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేసి, స్విచ్చి తరువాత కన్వర్టరు పెట్టాము. సెట్టు పెట్టె మీద 50 వాట్లు చొప్పున నాలుగు అని వ్రాసి ఉన్నదే, 10 ఆంపియర్లు చాలుతాయా అని బావ అడిగాడు. సెట్టు వెనుక కంపెనీ వాళ్ళు పెట్టిన ఫ్యూజే 10 ఆంపియర్లది. 12తో గుణిస్తే 120 వాట్లు, అంతకు మించి అది నిలకడగా తీసుకోలేదు. కన్వర్టరు ఊరికే ఉన్నా కొంత కరెంటు తాగుతుంది కనుక, గడియారం చెరగకుండా ఎప్పుడూ కరెంటు ఉండవలసిన పసుపు తీగ, సెట్టును ఆన్ చేసే ఎరుపు తీగ రెండూ ఆ స్విచ్చి వెనుకే కలిపాను. దానివల్ల స్విచ్చి ఆర్పితే గడియారం చెరిగిపోతుంది, కాని మా సెట్టులో స్టేషన్లు మాత్రం గుర్తుంటాయి. బావకు గడియారం అక్కర లేదు.

కారులో సెట్టు నల్ల తీగను ఏ ఇనుప భాగానికి బిగించినా పని జరుగుతుంది. ఫైబరు బోటుకు ఒళ్ళంతా ప్లాస్టిక్కే. నల్ల తీగ కూడా కన్వర్టరు మైనస్సు దాకా సొంత దారిలో రావాలి. ఏరియలు విషయమూ ఇంతే. కారు ఏరియలుకు కింద ఉన్న రేకు తోడుగా నిలుస్తుంది, రేకు లేని చోట అది సగమే పని చేస్తుంది. మెకానిక్కు బిగించి పోయిన కారు ఏరియలు తీసేసి, రేకు అవసరం లేని బోటు ఏరియలు 1,350 రూపాయలకు ఆన్‌లైనులో తెప్పించాము. తొమ్మిది రోజులు పట్టింది.

కేబిను స్పీకర్లు పాతవి చినిగిపోవడంతో ఆరున్నర అంగుళాల కొత్త జత కొన్నాము. వాటికి పాత వాటి కంటే పెద్ద అయస్కాంతాలున్నాయి. బిగించే ముందు ఒకటి చేత్తో పట్టుకొని దిక్సూచి దగ్గరకు తీసుకుపోయాను. బోటు కట్టి ఉంది, అయినా ముల్లు 20 డిగ్రీల దాకా పక్కకు తిరిగింది. బావ ముఖం మారిపోయింది. జీపీఎస్ ఉన్నా, అది ఆగిన రాత్రి దిక్సూచినే నమ్ముకొని రేవుకు వచ్చినవాడు ఆయన. పాత స్పీకరు ఉన్న తావు దిక్సూచికి మూరెడు దూరంలోనే ఉంది. ఆ రంధ్రానికి మూత వేసి, స్పీకర్లను డ్రైవరు వెనుక మూలలకు మార్చాము. మీటరు పైన దూరం పోయాక ముల్లు కదలలేదు. సెట్టు ఆర్పి ఒకసారి, గట్టిగా పాడించి ఒకసారి చూసిన తరువాతే స్క్రూలు బిగించాము. దిక్సూచి దగ్గరగా పోయే కరెంటు తీగలను ప్లస్సు మైనస్సు ఒకదానికొకటి మెలివేసి లాగాను. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు, నిమిషం పడుతుంది. దయచేసి ఎవరూ దీన్ని విడిచిపెట్టవద్దు.

మే 29న మొదటిసారి నాలుగు స్పీకర్లూ పలికాయి. వెనుక నిలబడి వింటే, ఇన్నేళ్ళూ పలుచగా ఉన్న గొంతు నిండుగా వచ్చింది. బావ ఏమీ అనకుండా వెనుక తట్టు మీద కూర్చొని పాట అయిపోయే దాకా విన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అయితే పని ఇంకా ఉంది. మీడియం వేవ్‌లో చెన్నై 720 వచ్చింది గాని విజయవాడ 837 దగ్గర ఆగడమే లేదు. అంకెలు 830 మీద నుంచి 840కి దూకుతున్నాయి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. సెట్టు అక్కడి లెక్కకు కట్టి ఉంది. 720 రెండు లెక్కల్లోనూ కుదురుతుంది కనుక అది వచ్చింది, 837 ఒక్క దానిలోనే కుదురుతుంది. సెట్టు అమరికలలో ప్రాంతం మార్చగానే విజయవాడ పలికింది. ఇక రెండవది: కన్వర్టరు వేసినప్పుడల్లా మీడియం వేవ్ మీద గరగర. ఈ రకం కన్వర్టర్లు లోపల వేగంగా ఆగుతూ సాగుతూ కరెంటును దించుతాయి, ఆ రొద రేడియోలోకి వస్తుంది. కన్వర్టరును సెట్టు వెనుక నుంచి తీసి బ్యాటరీల పెట్టె దగ్గరకు మార్చి, దాని తీగలను రొదను అడ్డుకునే ఫెర్రైట్ రింగులలో రెండు చుట్లు తిప్పితే చాలా వరకు పోయింది. అదే సమయంలో, బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ సెట్టు కూడా పరీక్షించాము. స్టీరియో వేసి ఉండగా, పిలుపుల కోసం అన్ని బోట్లూ వినే 16వ ఛానెలులో పక్క బోటు మాట స్పష్టంగా వినబడాలి, వినబడింది. స్టీరియో స్విచ్చిని డ్రైవరు చేతికి అందే చోట, వీహెచ్ఎఫ్ పక్కనే పెట్టించాను. పిలుపు వస్తే పాట ఒక్క వేలితో ఆగిపోవాలి.

ఖర్చు మొత్తం ఇలా అయింది: సెట్టు 4,200, కేబిను స్పీకర్లు 5,400, తీగలు 3,100, కన్వర్టరు 1,500, ఏరియలు 1,350, స్లీవులు, లగ్గులు, ఫ్యూజులు, రింగులు కలిపి 1,150, మొదట వచ్చిన మెకానిక్కుకు 600. అంతా 17,300 రూపాయలు. మేము మొదట అనుకున్నది పది వేలు. నిషేధ కాలంలో రాబడి లేని ఇంటికి ఆ తేడా బరువే. వెనుక స్పీకర్లు పాతవే ఉంచుకోవడానికి కారణం అది.

జూన్ 15న బోటు వేటకు పోయింది. ఆ వారం ఒక్క ఫిర్యాదు వచ్చింది: వెనుక ఎడమ స్పీకరు అప్పుడప్పుడు ఆగి వస్తోందని. తీగలో లోపం లేదు; పాత స్పీకరుకు తీగ తగిలించే ముల్లు తుప్పు పట్టి ఊగుతోంది. దాన్ని గీకి కొత్త లగ్గు నొక్కి, గ్రీజు రాశాను. సెప్టెంబరు చివర, వానలకు ముందు, మూతలన్నీ విప్పి మళ్ళీ చూశాను. కొత్త తీగల కొనలు తెల్లగానే ఉన్నాయి, ఎక్కడా చిలుము లేదు. కేబిను స్పీకర్ల జాలీకి అంగడి వాళ్ళు ఇచ్చిన స్క్రూలు మాత్రం ఎర్రగా తుప్పు కారుతున్నాయి. వాటి చోట ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు వేశాము. ఏ తీగ ఏ స్పీకరుదో, ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో గీసిన పటాన్ని ప్లాస్టిక్కు తొడుగులో పెట్టి పలక లోపలి వైపు అంటించాను. వెనుక స్పీకర్ల జత వచ్చే నిషేధ కాలంలో మార్చాలి.